తీగకుప్పలో బాలశౌరి

జీపు చప్పుడు వినపడేసరికి చేలో మగవాళ్ళు మాయమయ్యారు. అంతవరకూ నడుం నొప్పని మూలుగుతూ వేరుశనగ మొక్కలు పీకుతున్న పుల్లయ్య, జన్మలో చెట్టెక్కి ఎరగని మనిషి, గట్టు మీది తాడిచెట్టు సగం దాకా పాకేశాడు. ఆపైన ఎక్కలేక, కిందికి దిగలేక మాను కరుచుకుని ఉండిపోయాడు. మిగిలినవాళ్ళు పక్క చెరకుతోటలో పడ్డారు.

ఆ ఏడు జీపంటే అంతే. ఎమర్జెన్సీ రోజులు. పెళ్ళయిన మగవాడు కనిపిస్తే చాలు, జీపెక్కించి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి పంపుతున్నారని హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఒకటే చెప్పుకోవడం. అందులో నిజమెంతో ఎవరికీ తెలీదు. పరుగు మాత్రం అందరికీ వచ్చు.

ఆ చేను యజమాని బాలశౌరి మాత్రం పరుగెత్తలేదు. కాయ తెంపేసిన తీగ గొడ్ల మేతకని చేను మధ్య కుప్ప పోసి ఉంది. గబగబా అందులో దూరి, భార్య అమలమ్మకేసి చూసి చేతులు జోడించాడు.

“నేనిక్కడున్నట్టు చెప్పకే. నీకు దణ్ణం పెడతా.”

అతని తల్లి శౌరమ్మ ఇంకాస్త తీగ తెచ్చి కొడుకు మీద కప్పింది. ఆ పక్కనే గోనెపట్టా పరుచుకుని, పొద్దుట్నించీ కదలనిదానిలా కాయ తెంపుతూ కూచుంది.

అమలమ్మ చేతిలో మొక్క మట్టి రాలేందుకు నేలకేసి కొట్టింది. కాస్త గట్టిగానే కొట్టింది.

ముగ్గురాడపిల్లల తల్లి ఆమె. మూడోది హన్నా పుట్టినప్పుడు మూడు రోజులు చావుబతుకుల్లో ఉంది. డాక్టరమ్మ దాచకుండా చెప్పేసింది. ఇంకో కానుపైతే తల్లి దక్కదు. ఆమెకి ఆపరేషన్ చేద్దామంటే ఒంట్లో రక్తం లేదు. చేయించుకుంటే మొగుడే చేయించుకోవాలి. ఆ మాట ఇంటికొచ్చి చెబితే బాలశౌరి చూరుకేసి చూస్తూ కూచున్నాడు. ఇక అత్తగారితో అనే ప్రసక్తే లేదు. మనవడు పుడితే తలనీలాలు ఇప్పిస్తానని ఆవిడ గుణదల మాతకి మొక్కుకుని ఉంది. పుట్టనివాడికి అంతోని అని పేరు కూడా పెట్టేసింది.

ఇన్నాళ్ళూ ఎలాగో దాటుకొచ్చింది. ఆయిలింజను బాగుచేయించాలని విజయవాడ ఆటోనగర్ వెళ్ళి రెండు రోజులకి తిరిగొచ్చిన బాలశౌరి, అప్పట్నించీ పందుల కాపలా అంటూ చేలో గుడిసెలోనే పడుకుంటున్నాడు. ఆ పందులు చల్లగా ఉండాలని అమలమ్మ నెల రోజులుగా ప్రార్థన చేస్తోంది. కానీ పీకుడు ఈవేళతో అయిపోతుంది. రేపట్నించి కాపలా లేదు. పడక ఇంట్లోనే.

జీపు గట్టున ఆగింది. రిజిస్టరు పట్టుకుని ఒక ఆఫీసరు, ఖాకీ సంచీతో విజయవాడ ఆస్పత్రి కాంపౌండరు ఖాలిక్ దిగారు. చేను ఎవరిదని ఆఫీసరు అడిగితే, మా అబ్బాయిదండి, గోనెసంచుల కోసం జంక్షన్‌కి పోయాడండి అని శౌరమ్మ తడుముకోకుండా చెప్పింది. పిల్లలెందరన్నాడు. ముగ్గురన్నది. చాలు కదమ్మా అన్నాడు.

“ఎట్టా చాలతారండి? ముగ్గురూ అత్తారిళ్ళకి పోయేవాళ్ళే. ఆత్మల పండక్కి నా సమాధి మీద కొవ్వొత్తి పెట్టేవాడు ఒకడుండద్దాండీ?”

ఆఫీసరు దీనికి జవాబు రిజిస్టర్లో వెతికాడు. ఈలోగా శౌరమ్మ ఆయన దోసిట్లో పచ్చికాయలు పోసింది. ఆయన వొలుచుకు తింటూ నూనె బాగా వచ్చే రకమేనా అని వాకబు చేస్తుండగా కుప్ప తుమ్మింది. వెంటనే శౌరమ్మ రెండు తుమ్ములు తుమ్మి, ఎర్రమట్టి దుమ్మండీ బాబూ అంటూ ముక్కు తుడుచుకుంది. తాడిచెట్టు మీంచి పుల్లయ్య ‘మరియమ్మ తల్లీ’ అన్నట్టు కూడా వినపడింది గానీ ఆఫీసరు కాయలు వొలిచే పనిలో ఉన్నాడు.

చివరికి లాభం లేదనుకుని ఆయన జీపువైపు నడిచాడు. ఖాలిక్ దాహమన్నాడు.

అమలమ్మ కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచి ఇచ్చింది. అతను తాగుతున్నంతసేపూ ఆమె కళ్ళు కుప్ప మీదే ఉన్నాయి. కట్టుకున్నవాణ్ణి పట్టిచ్చిన పెళ్ళామని ఊరంతా చెప్పుకుంటుంది. అత్తగారు జన్మలో మాట్లాడదు. కానీ తను పోతే హన్నాకి జడ వేసేదెవరు? డాక్టరమ్మ చెప్పింది అతనికీ తెలుసు. తెలిసీ దాక్కున్నాడు.

“కాంపౌండరు గారూ,” అంది గొంతు తగ్గించి, “నేను చెప్పానని అనకండి.” గడ్డంతో కుప్పకేసి చూపించింది. “ఆయన భయస్తుడండి. కాస్త నెమ్మదిగా తీసుకెళ్ళండి.”

ఖాలిక్ మూతి తుడుచుకుని కుప్ప దగ్గరికి నడిచాడు. పాములుంటాయండి అని శౌరమ్మ అడ్డం పడబోయింది. పక్కకి జరగమ్మా అని అతను మర్యాదగానే అని, వంగి తీగ పైకెత్తాడు.

జుట్టునిండా ఆకులు, మొహం నిండా ఎర్రమట్టితో మోకాళ్ళు ముడుచుకుని ఉన్న బాలశౌరి కళ్ళు తెరిచాడు. ఖాలిక్‌ని చూడగానే, వద్దు వద్దన్నట్టు తలూపి పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. అమలమ్మ చూడలేక మొహం తిప్పుకుంది.

ఖాలిక్ నవ్వాడు.

“ఏమయ్యా బాలశౌరీ, కుట్లు మానాయా?”