తాళంచెవి మీద చెయ్యి

కొత్త పాదిరి చెయ్యి పట్టుకుని చర్చి తలుపు తాళంచెవి మీద పెట్టించడం ఎనిమిది వందల ఏళ్లుగా పాదిరీలపై అధికారులైన ఆర్చ్‌డీకన్ల పని. ఆపైన ఆ పాదిరి గంట ఎన్నిసార్లు కొడితే అన్నేళ్లు ఆ చర్చిలోనే ఉంటాడని ఊళ్లోవాళ్ల నమ్మకం.

ఆర్చ్‌డీకన్ థర్కెల్ మాత్రం ఆ సాయంత్రం చర్చి మూసెయ్యడానికే వచ్చాడు.

"తాతల నాటి గంట తెగనమ్మేశారు. ఇక తాళమేగా అయ్యగారూ, అదీ కానివ్వండి," అని చర్చి పెద్ద డోర్కస్ టార్చిలైటు పట్టుకుని వెళ్లిపోయింది.

థర్కెల్ చీకట్లో తలుపు మూసి, తాళంచెవి కోసం తడుముకున్నాడు. చల్లని చెయ్యి ఒకటి అతని మణికట్టు పట్టుకుంది. అతను నలభైమంది పాదిరీలకు చేసినట్టే, మర్యాదగా అతని చేతిని తీసుకెళ్లి తాళంచెవి మీద ఆనించింది.

గంట లేని గోపురంలో గంట ఒక్కసారి మోగింది.

రెండో దెబ్బ కోసం చెవులు రిక్కించి థర్కెల్ అక్కడే నిలబడిపోయాడు.