పది నిమిషాలు ఎక్కువ

గిన్నెలు తోముతుంటే సగంలో కుళాయి ఆగిపోయింది. ఈ పూటకి మా ఇంటి వాటా అంతే. మిగిలిన నురగను తడిగుడ్డతో తుడుస్తూ నాన్నను మళ్లీ అడిగాను.

"ఈరోజు బడికి రా నాన్నా. నేను చెప్పాల్సిన 'మనకు సాయపడేవాళ్లు' పాఠం ఉంది. అలాంటి ఒక్క మనిషినైనా పిల్లలకి చూపించకపోతే దాన్ని పుస్తకంలోంచి తీసేస్తారట."

నాన్న ముప్పై ఏళ్లు ఈ పేటలో వీధివీధికీ నీళ్లు వదిలిన మనిషి. ఇంటింటి గోడలో నీళ్లు కొలిచి వదిలే యంత్రం వచ్చాక, వాల్వులు తిప్పే ఆయన పొడవాటి ఇనప తాళం తలుపు మూల తుప్పు పడుతోంది.

"నానేటి సెప్తానే అమ్మీ? ఇప్పుడు తిప్పకుండానే వస్తన్నాయి నీళ్లు. పిల్లలు నవ్వుతారు."

"నీళ్లు ఎవరిస్తారని నిన్న నా క్లాసు పిల్లల్ని అడిగితే, గోడ అన్నారు."

"నిజమే గదేటి!" నాన్న నవ్వారు.

"మొన్న సూరమ్మ పిన్ని ఇంట్లో శవం లేచాక, స్నానాలకు నీళ్లు చాలక జనం పక్క పేటకు పోయారు. ఆ ఇంట్లో చావని గోడకి తెలుసా? నువ్వుంటే ఏం చేసేవాడివి?"

నాన్న నవ్వు ఆగింది.

"ఆ వీధికి పది నిమిషాలు ఎక్కువ వదిలీవోణ్ణి. ఎవులూ వచ్చి అడగక్కర్లేదు."

"పిల్లలకి అదే చెప్పు. నాకు ఇంకేం వద్దు."

 నేను గిన్నెలు బోర్లించి వచ్చేసరికి, నాన్న తాళానికి పట్టిన తుప్పును కండువాతో తుడుస్తున్నారు. తర్వాత దాన్ని భుజాన వేసుకుని, నాకోసం ఆగకుండా గడప దాటి బడివైపు నడిచారు.