ఆర్గిరిస్ ముఖం

ఆర్గిరిస్ ఫొటో ఒక్కటీ మిగల్లేదు. జర్మన్లు ఊరు తగలబెట్టినప్పుడు ఇంటితోపాటే కాలిపోయాయి. యుద్ధంలో అల్బేనియా మీద ఎగురుతూ విమానం కూలి చనిపోయిన ఆ కుర్రాడికి, యాభై ఏళ్ల తర్వాత, ఊరు కంచు విగ్రహం పెట్టాలనుకుంది. మరి ముఖం ఎలా ఉండేదో ఎవరు చెప్పాలి?

"నేను చెబుతా" అన్నాడు తీమియోస్.

కాఫీ కొట్టంతా నవ్వింది. తీమియోస్ ఆర్గిరిస్‌కు ప్రాణస్నేహితుడే. కుంటికాలని యుద్ధానికి పిలవలేదు.

"వాడు పోయాక నలభయ్యో రోజు ప్రార్థనైనా కాకుండానే పెళ్లికొడుకువయ్యావు. నీకు వాడి ముఖం గుర్తుందట్రా?" అన్నాడు క్లియాంతిస్. యాభై ఏళ్లుగా అతనిది అదే పాట.

"అప్పట్లో పెళ్లిలో తప్ప మాంసం దొరికేది కాదురా" అన్నాడు తీమియోస్, ఎప్పట్లాగే.

వారం వారం బస్సెక్కి వోలోస్ పట్నంలో శిల్పి ఇస్మీని దగ్గరికి వెళ్లాడు.

"ముక్కు అంత తిన్నగా వద్దమ్మాయ్. ఎడమ కనుబొమ్మ కాస్త పైకెత్తు. ఏదో అడగబోతున్నట్టుండాలి."

"ఇన్నేళ్లయినా ఎలా గుర్తుంది తాతా?"

"మర్చిపోనిస్తేగా వాడు."

ఇంటికొస్తే భార్య పోలిక్సేనీ జున్ను రొట్టె ముందు పెట్టింది.

"ఇవాళ ఎంతదాకా వచ్చింది?"

"చెవులు."

ఆమె తలెత్తలేదు. "కాస్త పెద్దవి" అంది.

పెళ్లైన ఏడాదే పుట్టిన వాళ్ల కొడుకు ఫోతిసే ఇప్పుడు ఊరి అధ్యక్షుడు. "నాకైనా ఒకసారి చూపించొచ్చుగా నాన్నా" అని గునిశాడు.

"అందరితోపాటే చూద్దువుగాని."

ఆవిష్కరణ రోజు తీమియోస్ రెండుసార్లు గడ్డం గీసుకున్నాడు. బ్యాండు వాయించింది, ఫాదర్ ప్రార్థన చదివాడు.

"ముక్కు వంకర పోయిందో, ఊరుకునేది లేదు" అని వెనకనుంచి గొణిగాడు క్లియాంతిస్.

పోలిక్సేనీ జనంలోంచి వచ్చి, ఊరంతా చూస్తుండగా, తీమియోస్ చేయి పట్టుకుంది. ఆమె అలా పట్టుకోవడం అదే మొదటిసారి.

ఫోతిస్ తాడు లాగాడు.

గుడ్డ జారింది; పైలట్ టోపీ కింద, ముమ్మూర్తులా, పాతికేళ్ల వయసునాటి ఫోతిస్ ఉన్నాడు.