పులుసు రోజు చప్పుడు

కాకినాడలో పోయినవాళ్ల జ్ఞాపకాలు హార్డ్ డిస్కుకెక్కించి వంటింటి గూట్లో పెట్టుకోవడం మొదలై ముప్పై ఏళ్లయింది. కస్తూరి కాపురానికొచ్చేసరికే ఆ గూట్లో వీర్రాజు మొదటి భార్య హైమ ఉంది. నెల రోజులుగా ఆ డిస్కు ఉండుండి టక్ టక్ మంటోంది. మొగుడి కంగారు చూస్తే కస్తూరికి ఒళ్లు మండిపోతోంది. తనకి జ్వరమొస్తే ఇందులో సగమైనా పడ్డాడా?

చివరికి డిస్కులు వినే నూకరత్నం వచ్చింది. స్టెతస్కోపు ఆనించి, కళ్లు మూసుకుని విన్నది.

"అరిగిపోతే కరకరమంటాదమ్మా. ఇది వెతుకులాట. తనలో లేని మాటేదో వెతుకుతుంది. ఇలాగే వదిలేస్తే నెలాఖరుకి పోద్ది. ఎప్పుడెప్పుడు మోగుద్ది?"

కస్తూరికి తెలుసు. నోరు మూసుకుంటే చాలు, గూడు ఖాళీ అవుతుంది. కానీ ఆ మాట కోసం తనూ పెళ్లయిన ఏడాది దాకా, అంటే పోయిన నెల వరకూ, కంచం పక్కన నిలబడి ఎదురుచూసింది.

"నా పులుసు బాగుందని ఈయన అన్నప్పుడల్లా," అంది.

వీర్రాజు తల దించుకున్నాడు. "హైమకి ఒక్కసారీ చెప్పలేదు."

నూకరత్నం వెళ్లగానే కస్తూరి అతణ్ని గూటి ముందుకి లాక్కెళ్లింది. "చెప్పండి."

"హైమా, నీ పులుసు చాలా బాగుండేది."

చప్పుడు ఆగింది. వీర్రాజు కళ్లు తుడుచుకున్నాడు. కస్తూరి అతని చొక్కా పట్టుకుని దగ్గరకి లాగింది.

"నాది అంతకన్నా బాగుంటుందని చెప్పండి. గట్టిగా కాదు, నా చెవిలో."