చూడకుండా రాయని మందు

"జ్వరం ఉందా?" అంది డాక్టర్ మార్లిస్, కళ్ళజోడు పైకి తోసుకుంటూ.

"లేదండీ. కానీ ఆవుకి ఒక చన్ను రాయిలా గట్టిపడింది. పాలలో తరకలు పడుతున్నాయి" అన్నాడు ఆర్విన్, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని.

"మేత తింటోందా?"

"సుబ్బరంగా తింటోంది."

"తినే గొడ్డుకి యాంటీబయాటిక్ ఎందుకండీ? ఆ చన్ను పాలు పూర్తిగా పిండి పారబోయండి. కాసిని పరీక్షకి పంపండి. ఏ క్రిమో తేలాక మాట్లాడదాం."

"ఒక్క సూదే కదండీ, రాసిచ్చేయండి. మా నాన్నైతే ఈపాటికి రెండు సీసాలు దించేసేవాడు."

"మీ నాన్నలాంటి మహానుభావులు అయినదానికీ కానిదానికీ పొడవబట్టే, ఆ మందులిప్పుడు క్రిములకి మంచినీళ్ళైపోయాయి!"

ఆర్విన్‌కి నవ్వొచ్చింది. విస్కాన్సిన్‌లో ఆ చుట్టుపక్కల పాడిరైతులందరూ ఆవిడ చేత తిట్లు తిన్నవాళ్ళే. అతను మాత్రం ఆ తిట్ల కోసమే ప్రతి గురువారం గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, నలభై మైళ్ళు వస్తాడు. ఆవు జబ్బు ఒక వంక. ఎలాగైనా ఆవిడని ఇంటికి రప్పించాలి. వంటింట్లో ఆవిడ కాఫీ తాగుతుంటే ఎదురుగా కూర్చుని చూడాలి. అంతకు మించి అతనికి కోరికంటూ లేదు.

రూబార్బ్ కాడలతో చేసి తెచ్చిన తీపి 'పై' పళ్ళేన్ని ఆవిడ ముందుకు జరిపాడు.

"నాకిదంటే ప్రాణమని మీకెవరు చెప్పారు?"

"ఎవరో అనుకుంటుంటే విన్నాను."

"లంచాలకి లొంగే మనిషిని కాను" అంటూనే ఒక ముక్క నోట్లో వేసుకుంది. "ఇంతకీ మీ పేరేమన్నారు?"

"ఆర్విన్."

వారం వారం చెప్పే పేరే.

"చూడండి ఆర్విన్ గారూ, పశువుని చూడకుండా మందు రాయడం మా ఇంటావంటా లేదు. నేనే వచ్చి చూస్తాను."

అతను కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఈ మాట అనిపించడానికే కదా, మందు మందు అని ప్రాణం తీసేది!

"ఎప్పుడొస్తారు?"

"రేపే. మీ ఇల్లెక్కడ?"

"వాగు దాటగానే ఎర్ర కొట్టం. దాని పక్కన తెల్ల ఇల్లు."

ఆవిడ శ్రద్ధగా కాగితం మీద రాసుకుంది. పోయిన వారమూ ఇలాగే రాసుకుంది.

"డాక్టర్ గారూ, భోజనం వేళైంది" అంటూ వృద్ధాశ్రమం సహాయకురాలు టెస్సా వచ్చి చెయ్యందించింది.

మార్లిస్ లేచి, గుమ్మం దగ్గర ఆగింది. "కుక్క ఉంటే కట్టేసి ఉంచండి. కొత్తవాళ్ళని చూస్తే మీదపడతాయి."

"అలాగేనండీ" అన్నాడు ఆర్విన్.

ముప్పై ఎనిమిదేళ్ళు ఆవిడ అతనితో కాపురం చేసింది ఆ ఇంట్లోనే.