తుమ్ములు ఆగిన గది

ఓడెన్సె నగర శివారులోని ప్రయోగశాలలో ఆ రాత్రి డ్యూటీ టోవెది. అక్కడి ఫెర్రెట్లు చూడటానికి ముంగిసల్లా ఉంటాయి. ఫ్లూ వస్తే మాత్రం అచ్చం మనుషుల్లాగే తుమ్ముతాయి. కొత్త టీకా వేసినవాటికీ, వేయనివాటికీ, ఆ టీకా ఎన్నడూ ఎరగని, రూపు మార్చుకున్న వైరస్‌ను మొన్ననే ఎక్కించారు.

తలుపుల పక్కన స్పీకర్లున్నాయి. టీకా వేయని వాటి గదిలోంచి ఒకటే తుమ్ములు. టీకా వేసినవాటి గదిలోంచి ఏ చప్పుడూ లేదు.

పోయినేడు ఇలాగే నిశ్శబ్దంగా ఉంటే లోపలికి వెళ్ళి చూసింది. ఒక్కటీ కదల్లేదు.

టోవె తలుపు అద్దానికి ముఖం ఆనించింది. చీకట్లో రెండు కళ్ళు మెరిశాయి. ఆపైన మరో రెండు. ఆపైన అన్నీ. రెప్ప వాల్చకుండా ఆమెనే చూస్తున్నాయి.

టీకా తయారుచేసిన ఆస్గర్‌కు ఫోన్ చేసింది. "ఇవి తుమ్మడం లేదు."

"బతికే ఉన్నాయా?"

"నన్ను మింగేసేలా చూస్తున్నాయి."

"ఊరించకు తల్లీ. పోయినసారి తొందరపడి కేక్ చేశాను. అందరం ఏడుస్తూ తిన్నాం. ఫలితాలొచ్చేదాకా పిండి ముట్టను."

"అయితే నువ్వే విను." ఫోన్‌ను స్పీకరుకు ఆనించింది.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒకటి కోడిపెట్టలా కొక్కొక్కమంది. ఆటకు పిలుపది. ఇంకోటి బదులిచ్చింది. చీకటంతా కొక్కొక్కమంది.

ఫోన్‌లో ఆస్గర్ అడుగుల చప్పుడు, అలమర కిర్రుమన్న చప్పుడు, కాసేపటికి గిన్నె అంచున గుడ్డు పగిలిన చప్పుడు వినిపించాయి.