మంచం భద్రం

ఆ రోజు ఇంట్లో నాయన బయ్యన్న, అమ్మ ఓబమ్మ, అవ్వ రామసుబ్బమ్మ, మేనత్త నారాయణమ్మ, ఆమె మొగుడు గంగాధరప్ప ఉన్నారు. పట్టెమంచం ఉంది. ఆ ఇంటి కూతురు ఆంజినమ్మ కూడా ఉంది గానీ, ఆమెను మంచం తర్వాతే లెక్కేయాలి. తెల్లవారినప్పటి నుంచి అందరూ ఆ మంచం గురించే మాట్లాడుతున్నారు మరి.

వాకిట్లో అంబాసిడర్ కారు నిలబడి ఉంది. బెళుగుప్పలో చెనిక్కాయల మండీ సాహుకారు ఒక్క రోజుకని ఇచ్చి, డ్రైవరు చౌడప్పను తోడు పంపాడు. టాపు మీద కేరియరు లేదు. మంచమేమో తాత కాలం నాటి టేకుది. దాని కోళ్లు ఒక్కొక్కటీ గున్న ఏనుగు కాలంత ఉన్నాయి. పొద్దుగూకేలోగా అనంతపురంలో అప్పగించి, తిరిగి ఇల్లు చేరాలి.

"మంచానికి దెబ్బ తగిలిందా, శకునం బాగలేదని ప్రయాణం ఆపేస్తా," అని అవ్వ ముందే చెప్పేసింది. అవ్వ మాటకు ఆ ఇంట్లో తిరుగు లేదు.

ఆంజినమ్మ ఇంతవరకూ అనంతపురం చూడలేదు. ఈ ప్రయాణం కోసం ఎండాకాలమంతా కాచుకుంది. అందుకే కొత్త ఓణీ కట్టుకుని, ఆ నాలుగు కోళ్లకూ మనసులోనే మొక్కుతోంది. చేతులెత్తి మొక్కడానికి సిగ్గు. ఆమెకు అన్నిటికీ సిగ్గే. డైరీలో అయితే కలెక్టరునైనా నిలదీసేది. మనుషుల ముందు మాత్రం ఆమె దగ్గర ఉన్నది ఒకటే మాట. "సరే."

గంగాధరప్ప మామ పంచె ఎగ్గట్టాడు.

"కట్టేది నాకిడిసిపెట్టండి. లారీల మీద చెనిక్కాయ మూటలు కట్టినోణ్ణి. మంచమొక లెక్కా?"

టాపు మీద గోనెసంచులు వేసి, వాటిపైన పాత బొంత పరిచారు. మంచాన్ని బోర్లించి, కోళ్లు ఆకాశంకేసి చూసేలా ఎత్తిపెట్టారు. బావిలో నీళ్లు లేవు కాబట్టి చేదతాడు ఖాళీగానే ఉంది. మామ దాన్ని మంచం మీంచి కారు కిందికి, కింది నుంచి మళ్లీ మీదికి చుట్టుకుంటూ పోయాడు.

తాడు మూసిన తలుపుల మీదుగా పోతోందని ఆంజినమ్మ మొదటి చుట్టుకే గమనించింది.

"మామా..." అంది.

ఆ మాట పెదవులు దాటి జానెడు దూరం పోయి, సిగ్గుపడి తిరిగొచ్చింది. సరే, డైరీలో రాసుకుందాంలే అని ఊరుకుంది.

కట్టు ముగిసింది. మామ ఒక కోడు పట్టుకుని ఊపాడు. కారు ఊగింది గానీ మంచం కదల్లేదు.

"సూడండప్పా! పిడుగు పడినా కదలదు!"

"కదలదు," అన్నాడు చౌడప్ప తాపీగా బీడీ ఆర్పుతూ. "తలుపులు గూడా కదలవు. లోపలికి ఎట్ల పోతారన్నా, పొగ మాదిరి దూరతారా?"

అత్త నారాయణమ్మ తలుపు పట్టుకుని గుంజింది. రాలేదు.

"ఈయప్ప కట్టినాడంటే అంతేలే. పెండ్లిలో నాకు తాళి గూడా గొంతు పట్టేసేటట్ల కట్టినాడు."

అంతా విప్పారు. ఈసారి తలుపులు తెరిచి పెట్టుకుని, తాడును కారు లోపలి నుంచి తీసి కట్టారు. ఎదురుగాలికి లేవకుండా ముందు బంపరుకు ఒక తాడు, వెనక బంపరుకు ఒక తాడు బిగించారు. అవ్వ కారు చుట్టూ తిరిగి, మెడ ఎత్తి ఎత్తి చూసి, ఎక్కడా గీత కూడా పడలేదని తేల్చుకుని, "ఇంక పాండి," అంది.

ఆంజినమ్మకు పోయిన ప్రాణం లేచి వచ్చింది.

ముందు చౌడప్ప, నాయన, మామ. వెనక అవ్వ, ఒడిలో రేకుపెట్టెతో అమ్మ, అత్త, తలుపు పక్కన ఆంజినమ్మ.

"ఎవరన్నా దిగి ఎనక నుంచి సూడండి, మంచం ఒక పక్కకు ఒరిగిందేమో," అన్నాడు మామ.

ఎవరన్నా అంటే ఆ ఇంట్లో ఆంజినమ్మ అని అర్థం. ఆమె దిగింది. మోకాళ్లు పీకుతున్నాయని అమ్మ రేకుపెట్టెను అత్తకు అందించింది. అత్త దాన్ని ఖాళీ అయిన చోట పెట్టుకుంది.

"సక్కగుండాదా?" మామ అరిచాడు.

ఆంజినమ్మ తల ఊపింది.

"తల ఊపితే నాకేం తెలుస్తాదే! నోరు తెరువు!"

"సక్కగుండాది మామా!"

పుట్టి బుద్ధెరిగాక ఆమె అంత గట్టిగా అరిచింది లేదు. పాకలో ఎనుము కూడా తిరిగి చూసింది.

చౌడప్ప బండి స్టార్టు చేశాడు. నాయన కిటికీలోంచి తల బయట పెట్టి, ఊరికి పోయేటప్పుడల్లా అనే మాటే అన్నాడు.

"ఆంజీ, ఇల్లు భద్రం! ఎనుముకు కుడితి పెట్టు!"

ఆయన ఊరికి పోయేటప్పుడల్లా తాను అనే మాటే ఆంజినమ్మా అంది.

"సరే నాయనా."

"దూరం జరుగు బిడ్డా, దుమ్ము లేస్తాది," అంటూ అత్త తలుపు ధడాలున వేసేసింది.

కారు మలుపు తిరిగింది. మంచం వెంట్రుకవాసి కూడా ఒరగలేదు.

అనంతపురం కాలేజీ హాస్టల్లో ఆ రోజు చేరి, ఆ మంచం మీద పడుకోవలసింది ఆంజినమ్మే.